ఆమేన్ అన్న పాపానికి

పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెడితే ఎప్పుడు ముగిస్తారో ఆయనకే తెలియదు. ఈ సంగతి సంఘంలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరి జాగ్రత్తలో వాళ్ళుంటారు. ముసలివాళ్ళు ముందే గోడకు జారబడతారు. తల్లులు పిల్లల నోట్లో బిస్కెట్టు కుక్కుతారు. ఆయన సొంత అక్కది మాత్రం ఇంకో పద్ధతి. కళ్ళు మూసుకుని మనసులో తన లెక్కలు తను చూసుకుంటూ, తమ్ముడి గొంతు కాస్త దిగిన చోటల్లా "ఆమేన్" అంటుంది. తండ్రీ పాస్టరే. పాలు తాగే వయసు నుంచీ ప్రార్థనలు వింటూ పెరిగింది. మాటలు చెవిలోకి వెళ్ళనక్కర్లేదు, గొంతు దిగితే చాలు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

ఆస్పత్రి లాండ్రీకి ఆవిడే పెద్ద. ఇన్నేళ్ళూ రోగుల దుప్పట్ల దగ్గర్నుంచి డాక్టర్ల ఆకుపచ్చ గౌన్ల దాకా ఆమె చేతి కింద ఉతుకులు పడి, ఆవిరి ఇస్త్రీ తిని, మడతలై వార్డులకు వెళ్ళాయి. తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిడని "లాండ్రీ అక్కా" అనే పిలుస్తారు. ఆ నెలాఖరుకి రిటైరవుతోంది. అందుకని ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. ముందుగదిలో పట్టనంత మంది, వంటింట్లో టీ గిన్నె, మధ్యలో నిలబడి తమ్ముడి ప్రార్థన.

ఆవిడ కళ్ళు మూసుకుని కప్పుల గురించి ఆలోచిస్తోంది. పక్కింటివాళ్ళు ఇచ్చినవి కలిపినా చాలవు. పిల్లలకి ముందు పోస్తే, ఆ కప్పులే కడిగి...

"...నీ దాసురాలు ఇన్నేళ్ళు పడిన కష్టానికి ఫలితంగా వచ్చే ఆ సొమ్మంతా నీ విశ్రాంతి నిలయానికి సంతోషంగా సమర్పించుకుంటోంది తండ్రీ..."

గొంతు దిగింది.

"ఆమేన్!" అంది లాండ్రీ అక్క. గదిలో అందరికంటే గట్టిగా.

పక్కనే నిలబడ్డ భర్త మోచేత్తో పొడిచాడు. అప్పుడు గానీ చెవిలో పడ్డ మాటలు బుర్రకెక్కలేదు. కళ్ళు తెరిచి చూసేసరికి తమ్ముడు అప్పటికే దేశాల కోసం, అధికారుల కోసం ప్రార్థించడంలో మునిగిపోయి ఉన్నాడు. మధ్యలో ఆపి "ఒరేయ్, ఏమన్నావు?" అని అడగడానికి ఇదేమన్నా సంతా? ప్రార్థన. తల దించుకుని పళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. ప్రార్థన అయిపోగానే ఆడవాళ్ళంతా మీద పడి కౌగిలించుకున్నారు. "ఎంత విశ్వాసం అక్కా నీది!" అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ సంఘంలో ఒక పట్టింపు ఉంది. ఇద్దరు ముగ్గురు సాక్షుల మధ్య, ప్రార్థనలో వచ్చిన మాటకి ఆమేన్ అంటే అది మొక్కుబడి. తీర్చకపోతే దేవుడితో మాట తప్పినట్టే. ఆ పట్టింపు పెట్టినవాడు ఆవిడ తండ్రే.

ఇక్కడ ఆ సొమ్ము సంగతి చెప్పాలి. ఆస్పత్రివాళ్ళు రిటైరయ్యేవాళ్ళకి రెండు దారులిస్తారు. మొత్తం ఒక్కసారే చేతిలో పెట్టించుకోవచ్చు. లేదంటే బతికున్నంత కాలం నెలనెలా, తర్వాత భార్యకో భర్తకో అదే నెలనెలా. ఏదో ఒకటి రాసి సంతకం చేస్తే ఇక బ్రహ్మాండం బద్దలైనా మారదు. లాండ్రీ అక్క ఎప్పుడో తేల్చుకుంది. నెలనెలా. ఎందుకంటే ఆవిడ తల్లి బతుకు చూసింది. తండ్రి పోయాక ఆ తల్లి ఉన్నదంతా సంఘానికి రాసేసి, కొడుకు దగ్గర, పాస్టర్ ఇంటి వెనకగదిలో చేరింది. తిండికి లోటు చేశారని ఎవరూ అనలేరు. కానీ ఒంటిసబ్బు అరిగిపోయినా అడగాలి, చెప్పు తెగినా అడగాలి, ఊరికి ఉత్తరం రాయాలంటే కవరు అడగాలి. అడిగీ అడిగీ చివరికి ఆవిడ గొంతే చిన్నదైపోయింది. ఆ గొంతు విన్నరోజే కూతురు ఒట్టు పెట్టుకుంది, తన ముసలితనంలో ఎవరి ముందూ నోరు తెరిచి అడగనని. కన్న పిల్లల్ని కూడా. వాళ్ళ తిప్పలు వాళ్ళకే ఉన్నాయి.

జనం వెళ్ళిపోగానే తలుపు గడియ పెట్టి భర్త మీద పడింది.

"నీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసు? నీతో పాటే విన్నాను."

"నాతో పాటు వినలేదు. నేను వినలేదు కాబట్టే ఈ గతి పట్టింది."

ఆయన ఎలక్ట్రీషియన్. నోట్లో నాలుక లేని మనిషి. ఖాళీ కప్పులు ఒకదాంట్లో ఒకటి దూరుస్తూ నెమ్మదిగా అన్నాడు, "వినకుండా ఆమేన్ ఎందుకన్నావు మరి?"

"నలభై ఏళ్ళుగా నీ మాటలకి 'ఊఁ' అంటున్నాను. అన్నీ విన్నాననుకుంటున్నావా?"

ఆయన ఇంకో రెండు కప్పులు దూర్చాడు. ఆ తర్వాత మళ్ళీ మొదటికే వచ్చాడు. అన్నది అన్నట్టేనని, దేవుడితో ఆటలొద్దని, ఇచ్చేస్తే ఆయనే చూసుకుంటాడని. ఇదే మాట ఆయన రిటైరైనప్పుడూ అన్నాడు. అప్పుడు ఆయన సొమ్ము గుడిలో స్పీకర్లకి పోయింది. నల్లటి పెద్ద డబ్బాలు, మనిషంత ఎత్తు.

"చూసుకున్నాడు కదా! నీ డబ్బంతా ఆ డబ్బాల్లో కూర్చుని వారంవారం నా మీదే అరుస్తోంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నువ్వు తిన్న అన్నం నా ఇస్త్రీ బల్ల మీంచి వచ్చింది. నాది కూడా పోతే ఏం తింటాం? ఆ వైర్లా?"

ఆయనకి కోపం రావడం అరుదు. వచ్చింది. "నేనిచ్చింది దేవుడికి. నీ తమ్ముడికి కాదు," అన్నాడు. ఆ మాటతో ఆ పూటకి ఇద్దరి మధ్యా మాటలు బంద్.

మర్నాడు డ్యూటీ దిగి, చేతులకి సబ్బు వాసన పోకముందే, పాస్టర్ ఇంటికి వెళ్ళింది. ఇల్లు అంటే గుడిని ఆనుకుని ఉన్న మూడు గదులు. సంఘం కట్టిచ్చింది. తమ్ముడు మోకాళ్ళకి వేడినీళ్ళ సంచి పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. ఆవిడకంటే ఒక్క ఏడాది చిన్న, చూస్తే పెద్దవాడిలా ఉంటాడు. బల్ల మీద విశ్రాంతి నిలయం బొమ్మ పరిచి ఉంది. వయసు మళ్ళిన విశ్వాసుల కోసం వరసగా గదులు, ముందు వసారా, ఓ పక్క ప్రార్థన మందిరం. ఏడాదిగా ఆయన నోట ఇదే మాట.

"నేను ఇవ్వడం లేదురా. అది చెప్పడానికే వచ్చాను," అంది నిలబడే.

"కూర్చో అక్కా."

"కూర్చుంటే మళ్ళీ ప్రార్థన చేస్తావు."

మరదలు వంటింట్లోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళకీ ఏళ్ళ నుంచీ పడదు. అత్తగారి సబ్బు దగ్గర మొదలైన పగ అది.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "నువ్వు చెప్పింది నాకు కాదు అక్కా. ఆయనకి. నేను మధ్యలో నిలబడ్డవాణ్ణి, అంతే."

"మధ్యలో నిలబడి నా జేబు కొట్టావు. బస్సులో దొంగ కూడా కళ్ళు తెరుచుకున్నవాళ్ళ జేబే కొడతాడురా. నువ్వు కళ్ళు మూయించి మరీ కొట్టావు."

"మాట జాగ్రత్త."

"నువ్వు జాగ్రత్తపడ్డావా నా మాట గురించి?"

ఆయన కోపం మింగి బోధకుడి గొంతు తెచ్చుకున్నాడు. రోజులు బాగోలేవన్నాడు. ధరలు చూడమన్నాడు. మొన్న మునిగిపోయిన పొదుపు సంఘాన్ని చూడమన్నాడు. తలుపులకి తాళాలు పడి, ఎంతమంది విశ్వాసులు రోడ్డున పడ్డారో గుర్తు చేశాడు. లోకం దాచేదంతా చెదలు తింటుందనీ, దేవుడి పనిలో పెట్టిందే నిలుస్తుందనీ అన్నాడు.

"ఆ పొదుపు సంఘం తలుపులు తెరిచిన రోజున ప్రారంభ ప్రార్థన చేసింది నువ్వే కదరా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "రేపటి గురించి చింతపడొద్దన్నాడు ప్రభువు."

"చింతపడొద్దన్నాడు. బుర్ర తీసి గూట్లో పెట్టమనలేదు."

"ఆకాశంలో పిట్టలకి పెన్షనుందా? వాటిని ఆయన సాకడం లేదా?"

"పిట్టలకి మోకాళ్ళ నొప్పులుండవు. బైబిల్లో పంట పండిన ఏడేళ్ళూ కొట్లు నింపి కరువుకి దాచినవాణ్ణి ఆయన అవిశ్వాసి అన్నాడా? పెళ్ళికొడుక్కి ఎదురెళ్ళి, దీపంలోకి నూనె తెచ్చుకోని ఆ ఐదుగురు కన్నెపిల్లల్నీ తలుపు బయటే ఉంచాడు కదా? పక్కవాళ్ళు అప్పుగానైనా ఇచ్చారా?"

"నూనె అంటే ఆత్మ అక్కా. పెన్షన్ కాదు."

"నా నూనె ఆత్మ అయిందా! మరి నీ పిట్టలు మాత్రం ఉత్త పిట్టలుగానే ఎందుకు ఉండిపోయాయిరా?"

ఒక్క క్షణం ఆయనకి నవ్వు రాబోయింది. చిన్నప్పుడు ఇద్దరూ నాన్న బోధల మీద ఇలాగే వాదించుకునేవాళ్ళు. కానీ నవ్వు రానివ్వలేదు. వేడినీళ్ళ సంచి పక్కన పెట్టి, కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నువ్వు నా అక్కవని నీకో న్యాయం, మిగతావాళ్ళకో న్యాయం చెయ్యలేను. ఆదివారం లోపు మాట నిలబెట్టుకో. లేకపోతే ప్రభువు బల్ల నీకు లేదు."

రొట్టె, ద్రాక్షరసం. ఊహ తెలిసిన నాటి నుంచి ఒక్క ఆదివారం కూడా తప్పని బల్ల. ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. గుమ్మం దాటాక గానీ ఏడుపు రాలేదు. వచ్చిన ఏడుపు కూడా కోపంతోనే వచ్చింది.

ఆ వారమంతా నరకం చూపించారు. గుడి వాకిలి ఊడ్చే ఆవిడ ముఖం తిప్పుకుంది. పక్క వీధి విశ్వాసులు ఎదురుపడితే రోడ్డు దాటి అటు వెళ్ళారు. ఇంట్లో భర్త భోజనం దగ్గర మరీ పొడుగ్గా కృతజ్ఞత చెప్పడం మొదలుపెట్టాడు, ఆవిడకి తగిలేలా. "చల్లారిపోతోంది, దేవుడికి కూడా విసుగొచ్చి ఉంటుంది," అని ఆవిడ కంచం లాక్కుని తినేసేది.

వీళ్ళందరినీ తట్టుకుంది గానీ, దర్జీ పిన్ని లాండ్రీకి వచ్చినప్పుడు మాత్రం ఇబ్బంది పడింది. పిన్ని అంటే చుట్టం కాదు, సంఘంలో పిలుపు. కుట్టిన ప్రతి రవికెలోంచీ కాస్త మిగిల్చి పొదుపు సంఘంలో దాచుకుంది, మొత్తం పోయింది. ఇప్పుడు కళ్ళు ఆనవు, సూదిలో దారం ఎక్కదు. మడతపెట్టిన దుప్పట్ల గుట్ట పక్కన స్టూలు మీద కూర్చుని అంది, "నాకు ఆ నిలయంలో ఓ మూల దొరుకుతుందనే ఆశతో ఉన్నానమ్మా. నీ ఒక్కదాని వల్ల ఆగిపోతుందంటున్నారు."

లాండ్రీ అక్క చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. ఈవిడ మీద అరవలేదు. ఈవిడది నాటకం కాదు.

"పిన్నీ, నాది మొత్తం పోసినా ఆ ఇంటికి పునాదికి చాలదు. పునాది మీద పడుకుంటావా? నన్ను కూడా తెచ్చి నీ పక్కన పడుకోబెడతారు, అంతే."

"మరి నా సంగతేంటే?" అని అడిగింది దర్జీ పిన్ని. లాండ్రీ అక్క, ఆస్పత్రివాళ్ళ చిరిగిన గౌన్లు కుట్టే పని ఏదైనా ఇప్పిస్తానని అనబోయి, సూదిలో దారం ఎక్కని మనిషితో ఆ మాట అంటున్నానని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. పిన్ని లేచి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక లాండ్రీ అక్క బట్టలు ఉతికే పెద్ద డ్రమ్ము వెనక, ఆవిరి గొట్టాల మధ్య, ఎవరికీ కనబడని చోట మోకరించింది. దేవుడంటే భయం లేని మనిషి అనుకునేరు. భయమే. మాట తప్పినవాళ్ళకి ఏమేం జరిగాయో చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని విన్నది కదా.

"తండ్రీ, నేను వినలేదు," అంది పైకే. డ్రమ్ము మోతలో ఎవరికి వినిపిస్తుంది? "నీ పేరు చెప్తుంటే వినకుండా కప్పులు లెక్కపెట్టుకున్నాను. అది నా తప్పు. ఆ తప్పుకి నన్ను కొట్టు. కానీ నా నోటిని వాడు అద్దెకి తీసుకుని నీతో మాట్లాడితే, ఆ మాట నాదెలా అవుతుంది? ఈ తలకాయ నువ్విచ్చిందే. దాంతోనే ఆలోచించాను. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు."

కాసేపు ఆగింది. డ్రమ్ము ఆగి నీళ్ళు వదిలింది, మళ్ళీ తిరిగింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడ లేచి, మోకాళ్ళు దులుపుకుని, తడి చేతులు పని గౌనుకి తుడుచుకుని, మేడ మీదున్న పెన్షన్ ఆఫీసుకి వెళ్ళింది.

గుమాస్తా కాగితం ముందుకు తోసి, "ఒకసారి రాస్తే మార్చడం కుదరదమ్మా. ఇంట్లో మాట్లాడుకున్నారా?" అని అడిగాడు.

"మాట్లాడుకోలేదు. పోట్లాడుకున్నాం," అంది. 'నెలనెలా' అన్న చోట గుర్తు పెట్టి సంతకం చేసింది. పేరు పూర్తిగా రాసింది.

ఆదివారం ఎప్పటిలాగే ఇస్త్రీ చీర కట్టుకుని, భర్తని వెంటబెట్టుకుని గుడికి వెళ్ళింది. దాక్కునే రకం కాదు. ఎప్పుడూ కూర్చునే మూడో వరసలోనే కూర్చుంది. కానుకల పళ్ళెం వచ్చినప్పుడు ఆఖరి జీతంలో దశమభాగం కవరులో పెట్టి అందులో వేసింది. దశమభాగం ఆవిడ ఎన్నడూ ఎగ్గొట్టలేదు. నెలనెలా వచ్చే దాంట్లోంచీ ఇద్దామనే అనుకుంది.

పళ్ళెం పాస్టర్ చేతికి వెళ్ళింది. ఆయన ఆ కవరు ఒక్కటీ పైకి తీశాడు. స్పీకర్లలోంచి గొంతు ఖంగుమంది.

"మొక్కుబడి ఎగ్గొట్టినవాళ్ళ దశమభాగం దేవుడికి అక్కర్లేదు. ఇది ఎవరిదో వాళ్ళకి తిరిగి ఇచ్చేయండి."

సంఘపెద్ద ఒకాయన కవరు పట్టుకుని నడిచి వచ్చి, ఆవిడ ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. వెనక వరసల్లో చెవులు కొరుక్కోవడం వినిపించింది. ఆవిడ లేచి నిలబడింది.

"నేను కాగితం మీద సంతకం చేసేశానురా," అంది. మైకు అక్కర్లేని గొంతు ఆవిడది. మిషన్ల మోతలో పెరిగిన గొంతు. "అది ఇక ఒక్క ముద్దగా ఎవరి చేతికీ రాదు. నాకూ రాదు, నీకూ రాదు. నువ్వు ఆ ప్రార్థన మళ్ళీ మొదట్నుంచీ చేసినా రాదు."

తమ్ముడి ముఖంలో రక్తం లేదు. ఆవిడ అనుకున్నది కోపం చూస్తానని. అది కోపం కాదు. ఏమిటో ఆవిడకి అప్పుడు అర్థం కాలేదు. ఆయన బల్ల వైపు తిరిగి రొట్టె విరిచాడు. చేతులు వణకడం మూడో వరసకి కూడా కనిపించింది.

రొట్టె పళ్ళెం వరసలో నడిచి వచ్చింది. ఆవిడ దగ్గరకి రాగానే పెద్దమనిషి చెయ్యి పైకెత్తి, ఆవిడ తల మీదుగా భర్తకి అందించాడు. భర్త తీసుకున్నాడు. ఆవిడ వంక చూడకుండా నోట్లో పెట్టుకున్నాడు. 'నములు నాయనా, బాగా నములు,' అనుకుంది ఆవిడ. ఒళ్ళు మండిపోయింది. కళ్ళు మాత్రం తుడుచుకోలేదు.

ఇంటికి వచ్చాక అంది, "నేను పోతే ఆ నెల డబ్బులు నీకే వస్తాయి. మొక్కుబడి తప్పిన సొమ్ము. నీకొద్దని రాయించమంటావా?"

ఆయన చెప్పులు విప్పుతూ ఆగాడు. "అది వేరు," అన్నాడు.

ఆవిడకి కోపంలోనే నవ్వొచ్చింది.

ఆ మధ్యాహ్నమే మరదలు వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ పని లేకుండా ఈ గడప తొక్కింది లేదు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటూ అంది, "ఆ సంతకం నిజంగా మార్చడం కుదరదా వదినా?"

"కుదరదు. మీ ఆయన పంపించాడా?"

"ఆయనకి తెలిస్తే చంపేస్తాడు." ఉన్నట్టుండి ఆవిడ ఏడ్చేసింది. "సంఘంవాళ్ళు కుర్రపాస్టర్ని చూస్తున్నారు వదినా. ఈయన ఇక నిలబడలేకపోతున్నాడు. చేతులు చూశావుగా. ఏడాది తిరిగేసరికి ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. ఇల్లు మాది కాదు, కుర్చీ మాది కాదు. మాకు పిల్లల్లేరు. పాస్టర్లకి పెన్షనెవరిస్తారు? ఆ నిలయంలో మొదటి గది మాకే రాసుకున్నాడు. అది లేస్తుందనే ధైర్యంతోనే బతుకుతున్నాడు."

లాండ్రీ అక్క తలుపు పట్టుకుంది. బల్ల దగ్గర తమ్ముడి ముఖంలో చూసింది భయమని అప్పుడు తెలిసింది. జాలి వేసింది. నిజం చెప్పాలంటే, జాలి కంటే ముందు మంట వేసింది.

"రేపటి గురించి చింతపడొద్దని ఊరందరికీ చెప్పాడు. మా ఆయన చేత ఉన్నదంతా పెట్టించాడు. దర్జీ పిన్ని చేత పెట్టించాడు. తన రేపటికి మాత్రం నా రేపు కావలసొచ్చిందా?"

"వాళ్ళకి చెప్పింది తను కూడా నమ్మాడు వదినా. అందుకే ఏమీ దాచుకోలేదు. ఒక్క పైసా లేదు. ఇప్పుడు భయమేస్తోంది, భయమేస్తోందని ఎవరికి చెప్పుకుంటాడు? చెప్తే ఇన్నేళ్ళ బోధ ఏమవుతుంది?"

"నాకు చెప్పాలి. నేను అక్కని. వచ్చి అడగాలి."

"అక్కని డబ్బులడగడానికి నామోషీ పడ్డాడు."

"దేవుణ్ణి అడ్డం పెట్టుకోడానికి పడలేదా నామోషీ?"

మరదలు ముక్కు తుడుచుకుంది. లాండ్రీ అక్క లోపలికి వెళ్ళి, ఒళ్ళోకి తిరిగొచ్చిన ఆ కవరు తీసుకొచ్చి ఆవిడ ముందు పట్టుకుంది.

"ఇది దేవుడికి అక్కర్లేదన్నాడు మీ ఆయన. మంచిది. ఇక నుంచి నెలనెలా దశమభాగం మీ ఇంటికే. సంఘానికి కాదు, నిలయానికి కాదు. మీ ఇద్దరి ఖర్చుకి. కానీ నేను తెచ్చివ్వను. ప్రతి నెలా మీ ఆయనే రావాలి. వచ్చి నోరు తెరిచి అడగాలి."

"వదినా, అంత కక్షా?"

"అంత కక్షే."

కవరు ఇవ్వకుండానే తలుపు వేసేసింది. లోపల్నుంచి అంతా విన్న భర్త, "రాడు," అన్నాడు. "చస్తే రాడు."

వచ్చాడు. మొదటి పెన్షను పడ్డ మర్నాడు, పట్టపగలు, వీధంతా చూస్తుండగా వచ్చాడు. మోకాళ్ళు సహకరించక కటకటాల గేటు పట్టుకుని ఆగి ఆగి మెట్లెక్కాడు. ఆవిడ వసారాలో బట్టలు ఆరేస్తోంది. చేతిలో బట్ట కింద పెట్టకుండా చూస్తూ నిలబడింది.

"ఎలా ఉన్నావక్కా?" అన్నాడు.

"బాగానే ఉన్నాను."

"బావ ఉన్నాడా?"

"లోపలున్నాడు."

ఆయన చెమట తుడుచుకున్నాడు. వేల మంది ముందు తడుముకోకుండా మాట్లాడిన మనిషి, గొంతు సవరించుకుని, తల వంచి, అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించాడు. "ఒక్క చిన్న ప్రార్థన చేసుకుందామా అక్కా?"

"వద్దు," అంది. "చేతులు దించు. నా ముఖం చూసి అడుగు."

ఆయన చేతులు దించాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టి మళ్ళీ తీశాడు. ఎదురింటి గుమ్మంలో ఎవరో నిలబడి చూస్తున్నారు. ఇప్పుడైనా ఈవిడ 'సరేలేరా, తీసుకో' అని ఉండొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అనలేదు.

"అక్కా," అన్నాడు తమ్ముడు. "మాకు ఇంట్లో ఖర్చుకి లేదు. కాస్త డబ్బులుంటే ఇస్తావా?"

గొంతు చిన్నది. అచ్చం వెనకగదిలో అమ్మ గొంతులా ఉంది. లాండ్రీ అక్క జీవితమంతా ఏ గొంతు తనకి రాకూడదని కాపలా కాసుకుందో, ఆ గొంతుని తన చేతులతో తనే తమ్ముడి నోట్లోంచి లాగింది. గెలిచినట్టు అనిపించలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు మీద కూడా కోపం వచ్చింది.

లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చింది. అనుకున్న దశమభాగం కంటే కాస్త ఎక్కువే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తల ఊపి మెట్ల వైపు తిరిగాడు.

"వచ్చే నెల కూడా నువ్వే రావాలి," అని వెనక నుంచి చెప్పింది ఆవిడ.